మమ్మల్ని ఎవరి పక్కన నిలబెట్టి కొలుస్తారు?

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి హైదరాబాద్ పోతుంది. రెండోది కొండపల్లి, మైలవరం మీదుగా జగదల్‌పూర్ దారి పడుతుంది. ఆ చీలిక దగ్గర టీ బంకుల్లో మేం పెరిగాం. పేపరు చదవటం అక్కడే నేర్చుకున్నాం. తిట్లు తినటమూ అక్కడే నేర్చుకున్నాం. తిట్లంటే నిజంగా తిట్లు కావు, నవ్వుతూ అడిగే ప్రశ్నలు. "ఏం సాయిబూ, మీవాళ్ళు గెలిచారుగా, పటాసులు కాల్చారా?" 1986 ఏప్రిల్లో షార్జాలో మియాందాద్ ఆఖరి బంతికి సిక్సర్ కొట్టిన మర్నాడు మాలో చాలామంది పిల్లలం బడికి పోవటానికి భయపడ్డాం. ఆ బంతి వేసింది చేతన్ శర్మ, కొట్టింది మియాందాద్, మధ్యలో మేమేం చేశామో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు ప్రశ్న మారింది. క్రికెట్ పోయి గోధుమపిండి వచ్చింది. 2023లో పాకిస్తాన్లో పిండి కోసం జనం లారీల వెనక పరిగెత్తిన బొమ్మలు వచ్చినప్పుడు అదే బంకులో, దాదాపు అదే గొంతుతో, "మీ పాకిస్తాన్లో పిండి రేటు చూశావా సాయిబూ?" అన్నారు. అన్నాయన చెడ్డవాడు కాదు. మా అబ్బా జనాజాకి వచ్చినవాడు. కానీ ఆ మాటలో "మీ" అన్న ముక్క ఉంది చూశారూ, దాని గురించే ఈ వ్యాసం.

రెండు దేశాల్ని పక్కపక్కన పెట్టి ఎవరు బాగా బతుకుతున్నారో చూడటం తప్పేమీ కాదు. పొరుగింటి పొయ్యి చూసుకోని ఇల్లుండదు. కానీ ఆ పోలిక మన దేశంలో ముస్లిం దగ్గరికి వచ్చేసరికి ఒక వింత పని చేస్తుంది. పాకిస్తాన్ వెనకబడితే "ఇక్కడున్నందుకు సంతోషించండి" అంటారు. ముందుకెళితే "అయితే అక్కడికే పొండి" అంటారు. లెక్క ఎటు తేలినా బాకీ మాదే. సెక్యులర్ మిత్రులు కూడా, మమ్మల్ని వెనకేసుకొస్తున్నామనుకుంటూనే, "పాకిస్తాన్లో ముస్లింల కంటే మనదేశంలో ముస్లింలే నయం" అంటారు. నయమో కాదో తరవాత చూద్దాం. మమ్మల్ని ఎందుకు పాకిస్తాన్ ముస్లిం పక్కన నిలబెట్టి కొలవాలి? గొల్లపూడి రైతు పక్కన, విజయవాడ వన్‌టౌన్ వ్యాపారి పక్కన, గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు ఉద్యోగి పక్కన నిలబెట్టి ఎందుకు కొలవరు?

పొరుగు రాజ్యాల పోలిక మా ఊరికి కొత్త కాదు. అసలు పొరుగు రాజ్యం ఎలా ఉంటుందో మా తాతలకి తెలిసినంతగా ఢిల్లీ పండితులకి కూడా తెలియదు. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ రోడ్డు మీద కొద్దిసేపు ప్రయాణిస్తే పరిటాల వస్తుంది. ఇవాళ ఆ ఊరు 135 అడుగుల ఆంజనేయ విగ్రహంతో అందరికీ తెలుసు. 1947 దాకా అది నిజాం రాజ్యం. చుట్టూ బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లా, మధ్యలో పరిటాల, దాని పక్కనున్న కొన్ని పల్లెలు మాత్రం నిజాంవి. 1766లో ఉత్తర సర్కారుల్ని కంపెనీకి ధారపోసినప్పుడు ఈ ఊళ్ళని మాత్రం వజ్రాల మీద ఆశతో వదల్లేదని చెబుతారు. వజ్రాలు ఎన్ని దొరికాయో గానీ సరిహద్దు మాత్రం పక్కాగా దొరికింది. కంచికచర్ల పొలం గట్టు దాటితే ఒక రాజు, ఇవతల ఇంకో రాజు.

దీనికి సరిగ్గా తలకిందులు ఇంకొకటి ఉంది. నల్లగొండ జిల్లా నడిమధ్యలో మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల మాత్రం బ్రిటిష్ వాళ్ళది, మన కృష్ణా జిల్లా కింద లెక్క. 1959లో గానీ అది నల్లగొండలో కలవలేదు. ఒక రాజ్యంలో ఇంకో రాజ్యం ద్వీపంలా ఉన్న ఊళ్ళు రెండూ మా చుట్టుపక్కలే ఉండటం చరిత్ర మాకిచ్చిన పాఠ్యపుస్తకం. ఒకే భాష, అవే కులాలు, అదే రేగడి నేల. పాలన ఒక్కటే వేరు. ఎవరు బాగా బతికారో కొలవటానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది?

మా ఇళ్ళల్లో ఈ కొలత ఎప్పుడో తేల్చేశారు. నిజాం రాజ్యం మన రాజ్యం, అక్కడ మనవాళ్ళు రాజాల్లా బతికారు, ఇక్కడ ఇంగ్లీషోడి కింద పడి చెడిపోయాం. మా నానీలు చెప్పిన మాట ఇది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మన భాషలో పెట్టారని, నిజాంసాగర్ కట్టారని, నిజాం ప్రపంచంలోకెల్లా ధనవంతుడని. ఇవన్నీ అబద్ధాలు కావు. కానీ రాజు ధనవంతుడైతే రాజ్యం ధనవంతమైనట్టు కాదు కదా. ఆ రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుకి. ఇంకో పెద్ద భాగం జాగీర్దార్లది. మిగతా దివానీ భూముల్లో దేశ్‌ముఖ్‌లు. ఆ దేశ్‌ముఖ్‌లలో ఎక్కువమంది రెడ్లు, వెలమలు. వాళ్ళ గడీల ముందు వెట్టి చేసినవాళ్ళలో మాదిగలు, మాలలు, చాకళ్ళతో పాటు దూదేకులవాళ్ళు, పేద సాయిబులు కూడా ఉన్నారు. రాజు మతం కలిసినంత మాత్రాన కూలి పెరగలేదు. హైదరాబాద్ నగరంలో కొన్ని వేల కుటుంబాలకి ఉద్యోగాలొచ్చాయి. ఆ ఉద్యోగాల్ని చూపించి మొత్తం తెలంగాణ ముస్లింని పాలకుడన్నారు. దాని శిక్ష ఎవరికి పడిందో చెప్పుకుందాం.

మరి ఇటువైపు? ఇటువైపు బ్రిటిష్ వాడు స్వర్గం కట్టాడా? డెల్టాలో కాలువలు వచ్చాయి, నిజమే. 1832-33 కరువులో గుంటూరు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయిన తరవాత, కాటన్ వేసిన దారిలో కెప్టెన్ ఓర్ కట్టించిన ఆనకట్ట 1855కి బెజవాడ దగ్గర పూర్తయింది. దానితో బందరు, గుడివాడ, తెనాలి పొలాలకి నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, డబ్బొచ్చింది, డబ్బు వెనక హైస్కూళ్ళు, సినిమా హాళ్ళు వచ్చాయి. అయితే ఇబ్రహీంపట్నం ఆ ఆనకట్టకి ఎగువన ఉంది. నది మా కాళ్ళ దగ్గరే పారుతుంది గానీ కాలువ బెజవాడ దగ్గర మొదలై కిందికి పోతుంది. నీళ్ళు చూస్తూ మెట్ట పొలాలు చేసుకున్న ఊరు మాది. ఒక్క జిల్లాలోనే కాలువ కింద బతుకు వేరు, కాలువ పైన బతుకు వేరు. ఇక కాలువ కింద కూడా నీళ్ళు భూమి ఉన్నవాడికే వచ్చాయి. మా వాళ్ళకి భూముల్లేవు. దూది ఏకటం, బట్టలు కుట్టటం, జట్కాలు తోలటం, పళ్ళమ్మటం, మాంసం కొట్టటం, ఆ తరవాత లారీ మెకానిక్ పని. బందరు రేవు గోల్కొండ వైభవంతో వెలిగిన రోజుల్లో కలంకారీ అద్దినవాళ్ళకీ, ఇరాన్ దాకా సరుకు పంపినవాళ్ళకీ వారసులం అని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే అన్నం ఉడకదు.

మునగాల ఇంకా గట్టి సాక్ష్యం. అది బ్రిటిష్ కింద ఉన్నా జమీందారీ కావటంతో వెట్టి అక్కడా ఉంది. 1930లలో అక్కడి రైతులు జమీందారు మీద తిరగబడ్డారు. నిజాం తెలంగాణలో రైతులు దేనికోసం తిరగబడ్డారో దానికోసమే. అంటే రాజు జెండా రంగు కన్నా భూమి ఎవరి చేతిలో ఉందన్నదే బతుకుని తేల్చింది. ఈ సంగతి రెండు వైపుల మతవాదులూ చెప్పరు. ఎందుకు చెబుతారు? చెబితే వాళ్ళ దుకాణం మూసుకోవాలి.

1947 చివర్లో పరిటాల జనం మేం నిజాం కింద ఉండం అని తిరగబడి సొంతంగా రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. మన దేశం రిపబ్లిక్ కావటానికి రెండేళ్ళ ముందే పరిటాల రిపబ్లిక్ అయిందని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. అదే రోజుల్లో రజాకార్ల దౌర్జన్యాలు తట్టుకోలేక తెలంగాణ పల్లెలనుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని కృష్ణా జిల్లాలోకి వచ్చారు. సరిహద్దు వెంబడి శిబిరాలు వెలిశాయి. రజాకార్లు చేసింది మేం దాచం. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో వాళ్ళు పారించిన నెత్తురు మా పేరుమీద పారిందే. కానీ ఆ సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ తరవాత ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని రాసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికని దశాబ్దాలపాటు బీరువాలో పెట్టి తాళం వేశారు. చచ్చినవాళ్ళలో జాగీర్దార్లు ఎంతమంది ఉంటారు? జాగీర్దార్లకి పరిహారం ముట్టింది. చచ్చింది దూదేకులవాడూ, చప్రాసీ కొడుకూ.

పోలికలు ఎంత మోసం చేస్తాయో 1955లో ఇంకోసారి చూశాం. తెలంగాణని ఆంధ్రలో కలపాలా వద్దా అని ఫజల్ అలీ కమిషన్ లెక్కలు వేసింది. తలసరి రెవెన్యూ చూస్తే తెలంగాణ ముందుంది, ఆంధ్ర రాష్ట్రం లోటులో కొట్టుకుంటోంది. చదువు చూస్తే ఆంధ్ర ముందుంది, వాళ్ళొచ్చి మా ఉద్యోగాలు తన్నుకుపోతారని తెలంగాణ భయపడుతోంది. రెండూ ఒకే నివేదికలో ఉన్నాయి. ఎవరు ధనికుడు, ఎవరు వెనకబడ్డవాడు? దేంతో కొలిస్తే దాని జవాబు. ఈ ఒక్క పాఠం గుర్తుంచుకుని ఇప్పుడు పెద్ద దేశాల దగ్గరికి వద్దాం.

1960లలో ఆర్థికవేత్తలు మెచ్చుకున్న దేశం పాకిస్తాన్. అయూబ్ ఖాన్ రోజుల్లో ఏటా ఆరు శాతం చొప్పున పెరిగింది. మన దేశం మూడున్నర దగ్గర నడిచింది. మన నడకకి 1978లో రాజ్‌కృష్ణ అనే ఆర్థికవేత్త "హిందూ వృద్ధి రేటు" అని పేరు పెట్టారు. వేళాకోళానికి పెట్టారు, అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ పేరు విన్న ప్రతిసారీ మాకు నవ్వొస్తుంది, కొంచెం సానుభూతీ కలుగుతుంది. ఫ్యాక్టరీ సరిగా నడవకపోతే మతం పేరు పెట్టటం ఎంత అన్యాయమో ఒక్కసారైనా మెజారిటీకి తగిలింది. మా మీద ఆ అన్యాయం రోజూ జరుగుతుంది: ముస్లింలు చదువుకోరు వాళ్ళ మతం అంతే, ముస్లింలు పిల్లల్ని కంటారు వాళ్ళ మతం అంతే.

అలా పరిగెత్తుతున్న పాకిస్తాన్ గురించి ఆ దేశపు ప్రణాళికా సంఘంలో ముఖ్య ఆర్థికవేత్తే 1968లో నిజం చెప్పాడు. ఆయన పేరు మహబూబ్ ఉల్ హక్. దేశపు పరిశ్రమలో మూడింట రెండు వంతులు 22 కుటుంబాల గుప్పిట్లో ఉందని ప్రకటించాడు. ఆదాయం పెరిగింది, ఎవరింటికి వెళ్ళిందో చూడండి అన్నాడు. తూర్పు పాకిస్తాన్ ఆ మాట ముందునుంచే అంటోంది. జనపనార అమ్మిన డబ్బు తమది, దానితో కట్టిన ఫ్యాక్టరీలు పడమటివాళ్ళవి అని. ఒకే మతం, ఒకే జెండా, అయినా 1971లో దేశం రెండయింది. మతం దేశాన్ని నిలబెడుతుందన్న వాదానికి చావుదెబ్బ కొట్టింది బెంగాలీ ముస్లింలే. మమ్మల్ని పట్టుకుని "మీ పాకిస్తాన్" అనేవాళ్ళు ఆ సంగతి ఎందుకు మర్చిపోతారో.

ఆ మహబూబ్ ఉల్ హక్ తరవాత ఐక్యరాజ్యసమితికి వెళ్ళి 1990లో మానవాభివృద్ధి నివేదిక మొదలుపెట్టాడు. డబ్బొక్కటే చూడొద్దు, ఎన్నేళ్ళు బతుకుతున్నారో, ఎంత చదువుకుంటున్నారో కూడా కలిపి కొలవండి అన్నాడు. దానికి తోడు నిలిచినవాడు కేంబ్రిడ్జి రోజులనాటి స్నేహితుడు అమర్త్యసేన్, ఢాకాలో చిన్నతనం గడిపిన బెంగాలీ. ఇవాళ ప్రపంచం దేశాల్ని కొలిచే కొలబద్ద ఒక పాకిస్తానీ, ఒక భారతీయుడు కలిసి చేసింది. ఈ రెండు దేశాలూ కలిసి చేసిన మంచి పనులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

ఆ కొలబద్దతో ఇప్పుడు చూస్తే, 2025 నివేదికలో మన దేశం 130వ స్థానం. బంగ్లాదేశ్ కూడా అదే 130. పాకిస్తాన్ 168. శ్రీలంక మనకన్నా బాగా పైన, 89. పాకిస్తాన్ వెనకబడిందనటంలో సందేహం లేదు. 2023 జనగణన ప్రకారం అక్కడ పదిమందిలో ఆరుగురికే చదవటం రాయటం వచ్చు. సైన్యం తినేసింది, భూస్వాములు తినేశారు, భూసంస్కరణలు కాగితాల మీదే మిగిలాయి. తలసరి ఆదాయంలో ఈ శతాబ్దం మొదటి దశాబ్దం చివరికి మన దేశం వాళ్ళని దాటేసింది. ఈ సంగతి మాకు బాధా కాదు, పండగా కాదు. ఆ దేశపు పేద పిల్లల మీద జాలి వేస్తుంది, అంతే. బీహార్ పేద పిల్లల మీద వేసినట్టే.

మమ్మల్ని నిజంగా ఆలోచనలో పడేసింది బంగ్లాదేశ్. 1971లో వాషింగ్టన్ అధికారులు దాన్ని ఎప్పటికీ బిచ్చమెత్తుకునే దేశంగా లెక్కేశారు. కిందటేడు నవంబరులోనే భోలా తుఫాను వచ్చి మూడు లక్షలకు పైగా జనాన్ని మింగింది. మీద యుద్ధం, ఆ వెనక 1974 కరువు. అలాంటి దేశం 2020లో తలసరి ఆదాయంలో మనల్ని దాటబోతోందని ఐఎంఎఫ్ అంచనా వేసినప్పుడు మన టీవీల్లో గగ్గోలు పుట్టింది. ఆ తరవాత మనం మళ్ళీ కొంచెం ముందుకొచ్చాం. ఆ ఒకటి రెండు వందల డాలర్ల ముందూ వెనకా మాకు ముఖ్యం కాదు. అంతకన్నా తక్కువ డబ్బుతో, చాలా ఏళ్ళముందే, వాళ్ళు పిల్లల చావుల్ని తగ్గించటంలో మనల్ని దాటారు. ఎక్కువేళ్ళు బతకటంలో దాటారు. ఎలా?

ఒక్క ఉదాహరణ చెబుతాం. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. విరేచనాలతో చచ్చిపోయే పిల్లల్ని ఆ నీళ్ళతో బతికించవచ్చని ఢాకా కలరా ప్రయోగశాలలోనూ, కలకత్తాలోనూ డాక్టర్లు కనిపెట్టారు. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి, ఎక్కించటానికి సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఆ నీళ్ళు కలిపి చుట్టాల చేత తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నూటికి నాలుగు లోపుకి దిగాయి. కనిపెట్టటంలో మన పాలు ఉంది. కానీ దాన్ని గుడిసె గుడిసెకీ తీసుకెళ్ళింది వాళ్ళు. ఫజ్లే హసన్ అబేద్ 1972లో పెట్టిన బ్రాక్ సంస్థ ఆడవాళ్ళు 1980 నుంచి పదేళ్ళపాటు ఊరూరా తిరిగి, కోటికి పైగా ఇళ్ళల్లో తల్లుల్ని కూచోబెట్టి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, ఇన్ని నీళ్ళు అని చేయించి చూపించారు. నేర్పినవాళ్ళకి జీతం ఎలా కట్టారో తెలుసా? తరవాత ఇంకొకరు వెళ్ళి ఆ తల్లికి గుర్తుందో లేదో అడుగుతారు, గుర్తుంటేనే డబ్బు. బుర్ఖా ఉందా, పల్లూ ఉందా అని ఎవరూ చూడలేదు. ముస్లిం ఆడది గడప దాటదు అని మా గురించి ఇక్కడ పుస్తకాలు రాస్తారు. అక్కడ లక్షల మంది ముస్లిం ఆడవాళ్ళు గడప దాటి కుట్టుమిషన్ల ముందు కూచున్నారు. అదంతా పూలబాటేమీ కాదు. 2013 ఏప్రిల్లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. అయినా చేతికొచ్చిన జీతం ఆ ఆడపిల్లల పెళ్ళి వయసు పెంచింది, కాన్పులు తగ్గించింది. అవి మతం చేసిన పనులు కావు, మతం ఆపిన పనులూ కావు.

ఇంకో పోలిక మా డెల్టాకి ఇంకా దగ్గరిది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తింది. సర్కారు లెక్కే పదివేలు. శవాల్ని దించటానికి ఎవరూ రాని చోట మా జమాతుల వాళ్ళూ వెళ్ళారని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ తరవాత మన రాష్ట్రం తుఫాను షెల్టర్లు కట్టింది. 1990 మేలో ఇంచుమించు అంతటి తుఫాను అదే తీరాన్ని కొట్టినప్పుడు లక్షలమందిని ముందే తరలించటంతో చావులు వెయ్యిలోపే ఆగాయి. బంగ్లాదేశ్ కూడా అదే దారిలో నడిచింది. 1970లో మూడు లక్షలకు పైగా, 1991లో లక్షా ముప్ఫై ఎనిమిది వేలు, 2007 సిద్ర్ తుఫానులో మూడున్నర వేల లోపు. రెండు డెల్టాలు, రెండు మతాల మెజారిటీలు. సముద్రం ఒకటే, నేర్చుకున్న పాఠమూ ఒకటే. ఇలాంటి పోలిక చేసినప్పుడు ఎవరూ ఎవరినీ అవమానించనక్కర్లేదు.

అలాగని బంగ్లాదేశ్‌ని నెత్తిన పెట్టుకోం. ఒక కొలత ఉంది, దాన్ని ఐక్యరాజ్యసమితి నివేదికలో కలపలేదు. మైనారిటీలు ఎలా బతుకుతున్నారన్నది. 1951లో తూర్పు బెంగాల్లో నూటికి 22 మంది హిందువులుండేవాళ్ళు. 2022 జనగణనలో ఎనిమిది లోపుకి దిగారు. 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలినప్పుడు మళ్ళీ హిందువుల ఇళ్ళ మీదా గుళ్ళ మీదా దాడులు జరిగాయి. ఆ రాత్రి సామాన్లు సర్దుకున్న హిందువుకి మా బాధ అర్థమవుతుంది, ఆయన బాధ మాకు అర్థమవుతుంది. పాకిస్తాన్లో అహ్మదీలకి ముస్లింలని చెప్పుకునే హక్కు కూడా లేదు. 1974లో రాజ్యాంగం మార్చి మరీ తీసేశారు. ఈ మాట మా మసీదు దగ్గర చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఇక్కడ మైనారిటీ హక్కులు అడుగుతూ అక్కడి మైనారిటీ గురించి నోరు మూసుకుంటే మా నోటికి విలువేముంది?

ఇక అసలు కొలతకి వద్దాం, ఇంట్లో కొలత. మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లా ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో ఉండేది. 1927 నుంచి ప్రతి పన్నెండు ఉద్యోగాల్లో రెండు ముస్లింలకి. 1947లో దాన్ని మార్చి పద్నాలుగులో ఒకటి చేశారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే కొట్టేసింది. దూదేకులవాళ్ళు, మెహతర్లు తరవాత బీసీ జాబితాలో కొంత చోటు సంపాదించారు. మిగతా పేద ముస్లింలకి? 2004లో ఐదు శాతం అన్నారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం ఆధారంగా పద్నాలుగు వర్గాలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. 2010లో అదీ పడిపోబోతే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. 1951 నుంచి 2007 దాకా 56 ఏళ్ళు. ఆ 56 ఏళ్ళలో పుట్టి, పెరిగి, లారీ కింద పడుకుని గ్రీజు పూసుకున్న తరాల్ని ఏ దేశం పక్కన నిలబెట్టి కొలుస్తారు?

2006లో సచార్ కమిటీ ఆ పని కొంతవరకు చేసింది. జనాభాలో పదమూడు శాతం పైనున్న ముస్లింలు ఐఏఎస్‌లో మూడు శాతం, ఐపీఎస్‌లో నాలుగు. అదే కమిటీ ఇంకోటి కూడా చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కన్నా ఎక్కువే ఉంది. ఎందుకంటే మనవాళ్ళు పట్నాల్లో ఎక్కువ, పట్నంలో బడి దగ్గర. అంటే బడి ఉన్నచోట మతం అడ్డురాలేదు. కేరళ మలప్పురం జిల్లాలో నూటికి డెబ్భైమంది ముస్లింలు. 2011 లెక్కల్లో అక్షరాస్యత తొంభై మూడు దాటింది. అదే ఖురాన్, అదే నమాజు. పాకిస్తాన్ ముస్లింకీ మలప్పురం ముస్లింకీ మధ్య తేడా మతం కాదని ఇంతకన్నా ఎలా చెప్పాలి? మలప్పురంతో పోల్చినప్పుడు మేం తలదించుకుంటాం, మా పెద్దల్ని నిలదీస్తాం. ఆ పోలిక మాకు పనికొస్తుంది. ఎందుకంటే అక్కడ "మీ" అన్న మాట లేదు.

ఊరి పేరు గురించి కూడా ఒక మాట. మా ఊరిది ఏ ఇబ్రహీం పేరో గట్టిగా చెప్పలేం గానీ, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాని తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ఆయనకి కావ్యం అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి పొన్నగంటి తెలగన అచ్చ తెలుగు కావ్యాన్నే అంకితమిచ్చాడు. ఈ మధ్య ఊళ్ళ పేర్లు మార్చాలన్న మాట వినబడినప్పుడల్లా మాకు మల్కిభరాముడు గుర్తొస్తాడు. ఆయన్ని పాకిస్తాన్ పంపలేరు. ఆయన చచ్చి నాలుగొందల ఏళ్ళు దాటింది, అప్పటికి పాకిస్తాన్ లేదు.

కిందటి నెల మా వాళ్ళబ్బాయి ఒకడికి బెజవాడలో ప్రైవేటు ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు కోసం పదకొండు గుమ్మాలు ఎక్కాడు. పేరు చెప్పేదాకా బాగానే మాట్లాడారు. పేరు చెప్పాక ఒకచోట చుట్టాలొస్తున్నారు, ఒకచోట మాంసం వండేవాళ్ళకివ్వం, ఒకచోట వాస్తు సరిచేయిస్తున్నాం. సంతకం పెట్టిన టూలెట్ బోర్డు గేటుకి అలాగే వేలాడుతోంది. ఈ సంగతి రింగ్ సెంటర్ బంకులో చెబుతుంటే, అదే పెద్దాయన, పిండి రేటు అడిగినాయన, వింటూ కూచున్నాడు. ఆయనకి బెజవాడలో రెండు వాటాల ఇల్లుంది. ఒక వాటా ఖాళీ.

"బాబాయ్, పాకిస్తాన్లో పిండి రేటు మేం రేపు కనుక్కుని చెబుతాం. మీ వాటా అద్దె ఎంతో మీరు చెప్పండి" అన్నాం.

ఆయన గ్లాసు బల్లమీద పెట్టాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మీ పిన్నిని అడగాలిరా" అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం, ఇంకా అడగలేదన్నాడు.